రంపం మోసే ఈగలు: పల్లపు నేలలో ఒక లెక్క

సంక్రాంతికి ముందు మంచు కురిసే రోజుల్లో మీ పెరట్లోనో పక్క పొలంలోనో ముల్లంగి మడి ఉంటే, తెల్లవారగానే వెళ్ళి ఆకులు ఒకసారి తిరగేసి చూడండి. ఆకుకు చిల్లులు పడి, ఆ చిల్లు అంచున నలుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ముడతలు ముడతలుగా ఒక పురుగు కనిపించవచ్చు. వీపు మీద పొడుగునా అయిదు నల్లని చారలుంటాయి. వేలితో తాకారో లేదో చుట్ట చుట్టుకుని నేల మీద పడిపోతుంది. ఇక కదలదు. చచ్చినట్టు నటిస్తుంది!

"గొంగళిపురుగేగా, నాలుగు రోజులు పోతే సీతాకోకచిలుక అవుతుంది" అని మీరు అనుకుంటారు. నేనూ మీ వయసులో అలాగే అనుకున్నాను. అలాంటి పురుగులను గాజు సీసాలో పెట్టి, సీతాకోకచిలుక ఎప్పుడొస్తుందా అని రోజూ చూశాను. సీసా అడుగున వేసిన మట్టిలోకి దూరిపోయిన ఆ పురుగులు మూడు వారాల తర్వాత బయటికి వచ్చాయి. వచ్చినవి సీతాకోకచిలుకలు కావు. నారింజ రంగు ఒళ్ళు, పొగచూరినట్టున్న రెక్కలు గల చిన్న ఈగలు. ఎవరో సీసా మార్చేశారని తమ్ముడితో పోట్లాడాను కూడా!

అవి రంపపు ఈగలు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ మొక్కల మీద మన దేశమంతటా కనిపించే ఈ ఈగ అథాలియా అనే ప్రజాతికి చెందినది. ఆవాలు పండించే ఉత్తరాది మైదానాల రైతులకు ఇది పాత శత్రువు. మొలక దశలో ఈ పురుగు పడితే మళ్ళీ విత్తుకోవలసి రావచ్చు.

పేరులో ఈగ ఉన్నా ఇది ఈగ కాదు సుమా! మీ ఇంట్లో ముసిరే ఈగకు రెక్కలు రెండే. దీనికి నాలుగు. తేనెటీగ, కందిరీగ, చీమ ఏ వంశమో ఇదీ ఆ వంశమే. ఆ వంశాన్ని శాస్త్రజ్ఞులు హైమెనోప్టెరా అంటారు. అయితే కందిరీగ నడుము దారంలా సన్నగా ఉంటుందని మీకు తెలుసు కదా. రంపపు ఈగకు ఆ నడుము ఉండదు. రొమ్ము, పొట్ట ఒకే వెడల్పున అతుక్కుని ఉంటాయి. ఈ వంశంలో అందరికంటే ముందు పుట్టినవి ఈ నడుము లేనివే. ఇరవై రెండు కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలాజాలలో వీటి పూర్వికులు దొరికాయి. నడుము సన్నబడినవీ, కొండి మొలిచి కుట్టడం నేర్చినవీ అన్నీ తర్వాత వచ్చిన తరాలే. రంపపు ఈగ కుట్టదు. ధైర్యంగా పట్టుకోవచ్చు.

మరి రంపం ఏది? ఆడ ఈగ పొట్ట చివర, కిందివైపు మడిచి దాచుకుని ఉంటుంది. భూతద్దంలో చూస్తే రెండు పలుచని రేకులు, వాటి అంచున వరసగా పళ్ళు కనిపిస్తాయి. వడ్రంగి రంపం ఒక్కటే ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఇక్కడ రెండు రంపాలు పక్కపక్కనే ఉండి, ఒకటి ముందుకు వెళ్తే రెండోది వెనక్కి వస్తుంది. ఇలా ఆకు అంచును చీల్చి, ఆ చీలికలో గుడ్డు దాచిపెడుతుంది. ఎండకు ఎండిపోకుండా, చీమల కంట పడకుండా గుడ్డు ఆకు మాంసంలోనే భద్రంగా ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూర్ 18వ శతాబ్దంలోనే ఈ పనిముట్టును గమనించి, వీటిని తన భాషలో "రంపపు ఈగలు" అని పిలిచాడు. ఇంగ్లీషు పేరుకూ మన పేరుకూ కూడా అర్థం అదే.

ఇంతకీ సీసాలోని పురుగు గొంగళిపురుగు కాదని ముందే ఎలా చెప్పాలి? కాళ్ళు లెక్కపెట్టాలి. అంతే! తల వెనుక మూడు జతల కీళ్ళ కాళ్ళుంటాయి. అవి రెండింటికీ సమానం. ఆ వెనుక పొట్ట కింద మెత్తగా, మొండిగా ఉండే ఉదరపాదాలను చూడండి. సీతాకోకచిలుక పిల్లకు ఇవి అయిదు జతలకు మించవు. రంపపు ఈగ పిల్లకు ఆరు జతలో అంతకంటే ఎక్కువో ఉంటాయి. ముల్లంగి మీది దానికి ఎనిమిది జతలు. ఇంకో గుర్తు కూడా ఉంది. రంపపు ఈగ పిల్ల తలకు ఒక్కో పక్క ఒక్కటే కన్ను ఉంటుంది, నల్లటి చుక్క పెట్టినట్టు. గొంగళిపురుగుకు ఒక్కో పక్క సాధారణంగా ఆరు చిన్న కళ్ళుంటాయి. కాండంలో తొలుచుకుని బతికే రంపపు ఈగ పిల్లలు కొన్నిటికి ఉదరపాదాలే ఉండవు కానీ, ఆకుల మీద తిరిగేవాటికి ఈ లెక్క చాలు.

ఒక్క జాతిని గుర్తుపట్టడానికే ఇంత కథ ఉంది. ఒక ప్రాంతంలో ఎన్ని జాతుల రంపపు ఈగలున్నాయో తేల్చమంటే ఏం చేస్తారు?

రైన్ నది దిగువన

ఈ పని ఎలా చేస్తారో చూడాలంటే మన నేల వదిలి కొంచెం దూరం వెళ్ళాలి. మన దగ్గర రంపపు ఈగల జాతులు తక్కువ. ఇది విచిత్రమైన సంగతి. సీతాకోకచిలుకలైనా పక్షులైనా పాములైనా భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ రకాలు పెరుగుతాయని మీరు పాఠాల్లో చదివి ఉంటారు. రంపపు ఈగలది తిరుగుబాటు! చలి దేశాలకు పోయేకొద్దీ ఇవి పెరుగుతాయి. ప్రపంచం మొత్తం మీద గుర్తించి పేరు పెట్టిన రంపపు ఈగలు, వాటి దగ్గరి చుట్టాలు కలిపి ఎనిమిది వేలకు పైచిలుకు. అందులో ఏడాదిలో సగం రోజులు మంచు కప్పుకుని ఉండే ఫిన్లాండు ఒక్కదానిలోనే ఏడు వందలకు పైగా ఉన్నాయి. వీటికి ఎంతో ఇష్టమైన విల్లో చెట్లూ పొదలూ ఉత్తరాదిన రకరకాలుగా పెరగడం ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

రైన్ నది ఆల్ప్స్ కొండల్లో పుట్టి, జర్మనీ మీదుగా వచ్చి, నెదర్లాండ్స్‌లో సముద్రంలో కలుస్తుంది. చివరి వందల కిలోమీటర్లు అంతా పల్లపు నేలే. మన గోదావరి డెల్టాలా కాలువలు, తడి పచ్చికలు, చెరువు గట్లు. నెదర్లాండ్స్ నేలలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువనే ఉంది. కొబ్బరిచెట్ల బదులు విల్లో, ఆల్డర్, బిర్చ్ చెట్లుంటాయని ఊహించుకోండి. రంపపు ఈగలకు ఇది స్వర్గం.

అక్కడ వీటిని లెక్కించబోయేవాడు ముందు మొక్కలు నేర్చుకోవాలి. ఎందుకంటే ఈ పురుగులు తిండి విషయంలో మహా మొండివి. చాలా జాతుల పిల్లలు ఒకే మొక్కనో, దాని దగ్గరి చుట్టాలనో తప్ప వేరేదాన్ని ముట్టవు. వృక్షశాస్త్రంలో ఈక్విసెటమ్ అనే మొక్క పేరు విన్నారా? నీటి ఒడ్డున, కణుపులు కణుపులుగా, ఆకులు లేనట్టుగా పెరుగుతుంది. ఇంకే పురుగూ పెద్దగా పట్టించుకోని ఆ గరుకు మొక్కను తినే రంపపు ఈగలు డోలెరస్ అనే ప్రజాతిలో ఉన్నాయి. ఫెర్నులను తినేవి వేరే. గులాబీ కొమ్మను చీల్చి వరసగా గుడ్లు కుట్టేసేవి వేరే. కందిరీగ వేషం వేసుకుని, పసుపు నలుపు పట్టీలతో పక్షులను బెదిరించేవి వేరే.

అన్నిటికంటే చిత్రమైనవి విల్లో ఆకుల మీద బొబ్బలు పుట్టించేవి. ఆడ ఈగ ఆకును చీల్చి గుడ్డుతో పాటు ఒక ద్రవాన్ని కూడా లోపలికి వదులుతుంది. ఆ ద్రవం తగలగానే అక్కడి ఆకు కణాలు తెగ పెరిగి, చిక్కుడు గింజంత బుడిపె కడతాయి. గుడ్డు పొదగకముందే ఇల్లు తయారవుతుంది! పిల్ల పుట్టి ఆ ఇంటి గోడలనే లోపలినుంచి తింటూ పెరుగుతుంది. లెక్కలు తీసేవాడికి ఇవి వరం. పురుగు ఎగిరిపోయినా బుడిపె సాక్ష్యంగా ఉంటుంది. ఏ జాతి విల్లో మీద ఎలాంటి బుడిపె ఉన్నదో చూసి, ఏ జాతి పురుగు వచ్చి వెళ్ళిందో చాలావరకు చెప్పవచ్చు.

మిగిలినవాటిని పట్టుకోవాలి. అదీ సమయానికి. ఈ జాతుల్లో చాలావాటికి ఏడాదికి ఒకటే తరం. రెక్కలు వచ్చిన ఈగ బతికేది వారమో రెండు వారాలో. మిగతా కాలమంతా మట్టిలో గూడు కట్టుకుని నిద్రే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముఖ్యమైన కాలం. ఆ రోజుల్లో పది రోజులు వాన పట్టి, మీరు ఇంట్లో కూర్చున్నారంటే కొన్ని జాతులు మళ్ళీ వచ్చే ఏడాదికి గానీ దొరకవు.

గుడారంలో చిల్లు

గడ్డి మీద వల ఊపడం ఒక పద్ధతి. పసుపు రంగు పళ్ళెంలో సబ్బు నీళ్ళు పోసి ఉంచడం ఇంకో పద్ధతి. పువ్వనుకుని వచ్చి పడతాయి. కానీ మనిషి రాత్రింబవళ్ళు వల పట్టుకుని నిలబడలేడు కదా! ఈ చిక్కును విప్పినవాడు రంపపు ఈగల శాస్త్రజ్ఞుడే.

ఆయన పేరు రెనె మలేజ్, స్వీడన్ దేశస్థుడు. 1892లో పుట్టి 1978లో చనిపోయాడు. 1920 తర్వాత చాలా ఏళ్ళు రష్యా తూర్పు కొసనున్న కమ్చత్కాలో గడిపాడు. యాత్రల్లో గుడారంలో పడుకునేటప్పుడు ఒక సంగతి గమనించాడు. గుడారంలోకి వచ్చిన పురుగులు బయటికి పోయే దారి వెతుక్కుంటూ గోడల వెంట పైకే పాకుతాయి. కప్పులో చేరి అక్కడే తిరుగుతాయి. పై మూలన చిల్లు ఒకటి ఉంటే అందులోంచి పోతాయి. ఆ చిల్లుకు సీసా తగిలిస్తే? ఇంత చిన్న ఆలోచన! వలగుడ్డతో గుడారం లాంటి ఉచ్చు కుట్టించి, 1934లో బర్మా యాత్రలో పరీక్షించాడు. 1937లో దాని వివరాలు ప్రకటించాడు. ఇవాళ ప్రపంచమంతటా కీటక శాస్త్రజ్ఞులు వాడే మలేజ్ ఉచ్చు అదే. మధ్యన నల్లని వలగోడ, పైన వాలుగా తెల్లని కప్పు, ఎత్తయిన మూలన ఆల్కహాలు పోసిన సీసా. ఎగిరే పురుగు గోడకు తగిలి, వెలుగు వైపు పైకి పోయి, సీసాలో పడుతుంది. ఎరా లేదు, దీపమూ లేదు.

(ఇదే మలేజ్ ముసలితనంలో, సముద్రంలో మునిగిపోయిందని చెప్పే అట్లాంటిస్ ద్వీపం నిజమేనని పుస్తకాలు రాశాడు. దాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. ఒక విషయంలో అంత నిశితంగా చూసినవాడు ఇంకో విషయంలో పొరబడడం శాస్త్ర చరిత్రలో కొత్తేమీ కాదు.)

ఉచ్చు పెట్టడం తేలిక. సీసా విప్పాకే కష్టం మొదలవుతుంది. పది రోజులకు ఒక సీసా నిండితే అందులో వేలకొద్దీ ఈగలు, దోమలు, కందిరీగలు, చిమ్మటలు ఉంటాయి. వాటిలోంచి నడుము లేనివాటిని ఒక్కొక్కటే ఏరాలి. ఏరిన వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. రంగును నమ్మడానికి లేదు. ఒకే జాతిలో ఆడది ఒక రంగు, మగది ఒక రంగు ఉండవచ్చు. పూర్వం ఇలా ఆడదానికో పేరు, మగదానికో పేరు పెట్టి ఒక జాతిని రెండుగా లెక్కించిన సందర్భాలు చాలా ఉన్నాయి. కడకు తీర్పు చెప్పేది ఆ రంపమే. పళ్ళు ఎన్ని, ఏ ఆకారం, ఎంత దూరంలో ఉన్నాయన్నది జాతికో తీరుగా ఉంటుంది. అందుకని ఆ రేకును విడదీసి, గాజు పలక మీద పరిచి చూస్తారు. తాళంచెవి పళ్ళు చూసి ఏ ఇంటిదో చెప్పినట్టన్నమాట.

ప్రతి పురుగుకూ ఒక చీటీ తప్పనిసరి. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు పట్టారు అన్నవి అందులో ఉండాలి. చీటీ ఊడిపోయిన పురుగు ఎంత అరుదైనదైనా లెక్కలోకి రాదు.

ఇంకా ఒక లోటు మిగిలింది. సీసాలో పడ్డది ఏ ఆకు తిని పెరిగిందో సీసా చెప్పదు. ఆకు మీద దొరికిన పిల్ల పెద్దయితే ఏ ఈగ అవుతుందో పిల్లను చూస్తే తెలియదు. ఈ రెండింటినీ కలపాలంటే నేను సీసాలో చేసిన పనే ఓపికగా చేయాలి. నెదర్లాండ్స్‌లో స్నెల్లెన్ వాన్ వొల్లెన్‌హోవెన్ (1816–1880) అనే ఆయన ఈ పనికి పూనుకున్నాడు. చదివింది న్యాయశాస్త్రం. మనసు పురుగుల మీద. తర్వాత లైడెన్ మ్యూజియంలో కీటకాల విభాగం చూసేవాడు. తన దేశపు రంపపు ఈగలను గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పెంచి, ప్రతి దశనూ బొమ్మ గీసి, 1858 నుంచి వరసగా ప్రచురించాడు. వినడానికి సులువుగా ఉంది కానీ, చలికాలమంతా మట్టిలో ఉండే గూడును పెంచడం చాలా కష్టం. మట్టి ఎండితే లోపలి ప్రాణి ఎండుతుంది. తడి ఎక్కువైతే బూజు పడుతుంది. వెచ్చని గదిలో పెడితే చలి తగలక నిద్ర లేవదు. ఒక్కోసారి గూటిలోంచి రంపపు ఈగకు బదులు, దాని ఒంట్లో దొంగతనంగా పెరిగిన సన్ననడుము పరాన్నజీవి బయటికి వస్తుంది!

మొత్తం ఎన్ని?

సరే, పట్టారు, గుర్తించారు. నలభై జాతులు దొరికాయనుకోండి. ఆ ప్రాంతంలో ఉన్నవి నలభైయేనా? మీ చేతికి చిక్కనివి ఎన్ని? కనపడనివాటిని లెక్కించడమెలాగని నవ్వకండి. దానికి ఒక లెక్క ఉంది. తైవాన్ గణాంక శాస్త్రజ్ఞురాలు ఆన్ చావో 1984లో చూపించింది.

ఆలోచన ఇది. మీరు ఒక జాతరకు వెళ్ళారు. దారిలో కలిసిన వాళ్ళందరూ మళ్ళీమళ్ళీ ఎదురైతే జాతర చిన్నదని అర్థం. ఎవర్ని చూసినా ఒక్కసారే ఎదురై మళ్ళీ కనపడకపోతే, మీరు చూడని జనం ఇంకా బోలెడు ఉన్నారని అర్థం. పురుగుల్లోనూ అంతే. ఒక్కటంటే ఒక్కటే దొరికిన జాతులు ఎన్నో లెక్కపెట్టండి. సరిగ్గా రెండే దొరికిన జాతులు ఎన్నో లెక్కపెట్టండి. మొదటి అంకెను దానితోనే హెచ్చవేసి, రెండో అంకెకు రెట్టింపుతో భాగించండి. అది ఇంకా దొరకని జాతుల అంచనా.

మన ఉదాహరణలో నలభై జాతులకు గాను 12 జాతులు ఒక్కొక్కటే దొరికాయి, 6 జాతులు రెండేసి దొరికాయి అనుకుందాం. పన్నెండు పన్నెండ్లు 144. ఆరుకు రెట్టింపు 12. భాగిస్తే 12. అంటే కనీసం మరో 12 జాతులు చిక్కలేదు. మొత్తం 52 దాకా ఉండాలి. "కనీసం" అన్న మాట మరిచిపోకండి. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే కావచ్చు. మరుసటి ఏడు ఇంకా వెతికితే ఒక్కసారే దొరికిన జాతులు తగ్గుతూ వస్తాయి. అవి దాదాపు లేకుండా పోయినప్పుడు లెక్క పూర్తి కావచ్చిందని తెలుస్తుంది.

సీసాలు చెప్పిన కబురు

ఇంత తంటాలు ఎందుకు, ఈ చిన్న పురుగుల లెక్క ఎవరికి కావాలి అని అడిగేవారుంటారు. రైన్ దిగువ పల్లంలోనే దీనికి జవాబుంది.

జర్మనీలో క్రేఫెల్డ్ అనే పట్టణంలో 1905లో కీటక ప్రియుల సంఘం ఒకటి ఏర్పడింది. సభ్యుల్లో ఎక్కువమంది జీతం కోసం కాక ఇష్టం కొద్దీ పురుగులను చదివేవాళ్ళు. వీళ్ళు 1989 నుంచి రక్షిత ప్రాంతాల్లో మలేజ్ ఉచ్చులు పెడుతూ వచ్చారు. అన్ని ఉచ్చులూ ఒకే కొలత, ఒకే రంగు. సీసాలు మార్చే పద్ధతీ ఒకటే. ప్రతి సీసాలోని పురుగులను తూకం వేసి, ఆల్కహాలులో భద్రపరిచి, చీటీ అంటించి అరల్లో పెట్టారు. 2016 వరకు, 27 ఏళ్ళ పాటు, 63 చోట్ల జరిగింది ఈ పని. ఆ చోట్లలో ఎక్కువభాగం పల్లపు నేలలే.

2017లో ఆ తూకాలన్నీ కలిపి చూశారు. ఎగిరే పురుగుల బరువు 76 శాతం తగ్గింది. మొదట్లో నూరు గ్రాములు పడినచోట చివరికి ఇరవై నాలుగు గ్రాములే పడుతున్నాయన్నమాట. నడి వేసవిలో అయితే తగ్గుదల 82 శాతం. అదీ పురుగుమందు చల్లే పొలాల్లో కాదు, కాపాడుతున్న ప్రాంతాల్లోనే! వాతావరణంలో వచ్చిన మార్పులను లెక్కలోకి తీసుకున్నా ఇంత తగ్గుదలకు కారణం సరిపోలేదు. చుట్టూ ఉన్న సేద్యం తీరు మీద అనుమానం ఎక్కువగా ఉంది. ఈ వార్త ప్రపంచమంతా పాకింది.

అయితే బరువు ఒక్కటే చాలదు. తూకం తగ్గిందని తక్కెడ చెబుతుంది. ఏ జాతి పోయిందో చెప్పదు. అయిదు జాతులు పోయి ఒక జాతి పెరిగినా తక్కెడకు తెలియదు. అది తేలాలంటే సీసాలు విప్పి, జాతి జాతినీ వేరుచేసి, పాత జాబితాతో పోల్చి చూడాలి. పాత జాబితా ఉంటేనే కదా పోల్చడం! తడి పచ్చిక ఎండబెట్టి, ఈక్విసెటమ్ పీకేస్తే దాన్ని నమ్ముకున్న డోలెరస్ కూడా పోతుంది. దాని పేరు ముందే ఎవరూ రాసిపెట్టకపోతే, పోయిందని కూడా తెలియదు.

పోయేవే కాదు, వచ్చేవి కూడా జాబితా వల్లే పట్టుబడతాయి. ఎల్మ్ చెట్టు ఆకును నదీ వంకరల్లాగా, ఘాటు రోడ్డు మలుపుల్లాగా తినే రంపపు ఈగ ఒకటుంది. దాని సొంత ఊరు తూర్పు ఆసియా. 2003లో హంగరీ, పోలండు దేశాల్లో మొదటిసారి కనిపించింది. 2013 నాటికి నెదర్లాండ్స్, 2017కు ఇంగ్లండు, 2020కి సముద్రం దాటి కెనడా. ఇంత వేగం ఎలా వచ్చింది? ఈ జాతిలో మగవి ఎన్నడూ కనపడలేదు. ఆడ ఈగలు జతకూడకుండానే గుడ్లు పెడతాయి, అన్నీ ఆడపిల్లలే పుడతాయి. ఏడాదికి నాలుగు తరాల దాకా పెరుగుతాయి. ఏ లారీకో అంటుకుని ఒక్క పురుగు కొత్త చోటికి చేరితే చాలు, సంసారం మొదలైనట్టే. ఆకు మీది మలుపుల గుర్తు చూసి దీని రాకను కనిపెట్టిన వారిలో మామూలు ప్రకృతి ప్రియులు కూడా ఉన్నారు.

మన ముల్లంగి మడిలో

మన పల్లపు నేలలకు ఈ లెక్క తేవాలంటే మలేజ్ ఉచ్చు అక్కర్లేదు. ముల్లంగి గాని ఆవ గాని ఉన్న మడి, తెల్ల పళ్ళెం, భూతద్దం, నోటుపుస్తకం చాలు. మడి మీది కాకపోతే ఆ రైతును అడిగి దిగండి. పురుగుమందు ఈ మధ్య చల్లారేమో కూడా అడగండి. చల్లి ఉంటే ఆ మడిలో దిగవద్దు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వారానికొకసారి, ఒకే రోజున, పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే ఇవి ఆకుల కిందికీ మట్టిలోకీ దాక్కుంటాయి. తాకితే పడిపోయే గుణం ఉందని చెప్పాను కదా. అందుకే పళ్ళెం మొక్క కింద పెట్టి, ఆ తర్వాత ఆకును తట్టండి. ఇరవై మొక్కలు తట్టి, పడ్డవాటి కాళ్ళు లెక్కపెట్టండి. ఉదరపాదాలు అయిదు జతలైతే ఒక గడిలో, ఎనిమిదైతే ఇంకో గడిలో వేయండి. క్యాబేజీ ఆకు తినే చిమ్మట పిల్లలు కూడా ఇక్కడే ఉంటాయి, కలిపేయకండి.

అయిదారింటిని సీసాలో పెంచండి. అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి మట్టి, రోజూ తాజా ఆకు, మూతికి పలుచని గుడ్డ. మట్టిలోకి దిగాక తవ్వి చూడవద్దు. నీళ్ళు చిలకరిస్తూ ఉండండి. సన్ననడుముది బయటికి వస్తే నిరాశ పడకండి. దాన్నీ రాసుకోండి. ఆవ రైతుకు అది మేలు చేసే ప్రాణి.

యూరపులో ఉండే అథాలియా గురించి ఒక ముచ్చట. దాని పిల్లను చీమ కొరికితే చర్మం ఇట్టే చిట్లి ఒక చుక్క ద్రవం బయటికి వస్తుంది. ఆవ ఆకులోని ఘాటు పదార్థాలను అది ఒంట్లో దాచుకుంటుంది. చీమ మూతి తుడుచుకుని వెనక్కి తిరుగుతుంది. మన ముల్లంగి మీది దాన్ని భూతద్దం కింద పెట్టి, ఎర్రచీమ ఎదురైనప్పుడు ఏం చేస్తుందో చూసి రాయండి.

ఇక నోటుపుస్తకం సంగతి. ఊరు, మడి, తేదీ, వేళ, తట్టిన మొక్కలు, దొరికిన పురుగులు. ఏ వారమైనా పళ్ళెంలో ఏమీ పడకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయకండి, సున్నా వేయండి. ఖాళీ గడి చూసినవాడికి మీరు వెళ్ళలేదో, వెళ్ళినా పురుగులు లేవో తెలియదు. మీ తర్వాత అదే మడిలో పళ్ళెం పట్టుకుని దిగే పిల్లలకు ఆ సున్నా కావాలి.